పేజీ నీ చేతిలో లేదమ్మాయీ

విజయవాడ

అమ్మాయీ,

నీ ఆరు కథలూ అందాయి. మొదటి రెండూ ఫోన్లోనే చదివాను. కళ్ళు లాగుతుంటే మా మనవడు చూసి, మిగతా నాలుగూ వాడి ఈ-రీడర్‌లోకి, అంటే పుస్తకాలు చదువుకోవడానికే చేసిన కిండిల్ లాంటి పలకలోకి, ఎక్కించి ఇచ్చాడు. అంటే నువ్వు వేసిన ప్రశ్న గురించి, నీ కథల్నే ఆ పలక మీద చదువుతూ ఆలోచించానన్నమాట. "మాస్టారూ, ఇప్పుడందరూ కిండిల్‌లోనో ఫోన్లోనో చదువుతున్నారు కదా, మేం రాసే పద్ధతి మార్చుకోవాలా? అసలు అచ్చు వేయించాలా, ఈ-బుక్కు చాలా?" అన్నావు. ఇవి రెండు ప్రశ్నలు. రెండోది చిన్నది, చివర్లో చెప్తాను.

కొత్త కాగితం వాసన, పేజీల మధ్య నెమలీక గురించి ఈ ముసలాయన ఏదో రాస్తాడని మాత్రం ఎదురుచూడకు. మేం చదివినవన్నీ న్యూస్‌ప్రింటు పుస్తకాలు. నాలుగేళ్ళకే పసుపెక్కి, అంచులు పొడిపొడిగా రాలేవి. ఇప్పుడు ఆ బీరువా తెరిస్తే నాకు తుమ్ములు తప్ప జ్ఞాపకాలేమీ రావు.

అక్కడ నాకు గుర్తున్నది వేరే సంగతి. 1970ల్లో గవర్నరుపేటలో మా ఇంటికి రెండు సందుల అవతల ఒక అద్దె లైబ్రరీ ఉండేది. డిపాజిట్ కట్టాలి, రోజుకింత అని అద్దె. రోజు దాటితే ఇంకో రోజు అద్దె పడుతుంది. మా అక్క సాయంత్రం నవల తెప్పించుకుని, అందరి అన్నాలూ అయ్యాక మొదలుపెట్టి, తెల్లారేలోగా మూడొందల పేజీలూ ముగించేది. పొద్దున్నే కాలేజీకి వెళ్తూ నేను తిరిగి ఇచ్చేవాణ్ణి. అద్దె లెక్క కాబట్టి వర్ణనలన్నీ దాటేసేది. "చంద్రోదయం మొదలైందంటే రెండు పేజీలు తిప్పెయ్యొచ్చురా" అనేది. అదే అక్క, వారపత్రికలో వచ్చే సీరియల్‌ని ఒక్క ముక్క వదలకుండా రెండేసి సార్లు చదివేది. చంద్రోదయాలతో సహా. సీరియల్ అయిపోయాక ఆ పేజీలన్నీ చింపి, వరసగా పెట్టి, బైండు చేయించింది. పెళ్ళయ్యాక అత్తారింటికి వెళ్తూ ఆ బైండ్లు ట్రంకుపెట్టెలో పెట్టుకుని మరీ వెళ్ళింది.

మనిషి ఒక్కతే. రాసినవాళ్ళు కూడా చాలాసార్లు ఒక్కరే. పుస్తకం చేతికి వచ్చిన దారిని బట్టి చదువు మారిపోయింది. కాబట్టి ఎలక్ట్రానిక్ రీడర్ వచ్చి చదవడాన్ని మారుస్తుందా అని ఎవరైనా అడిగితే నాకు ఆశ్చర్యం వేస్తుంది. ఎందుకు మార్చదు? తాటాకు మీద ఘంటంతో రాసిన గ్రంథాన్ని ఒకరు చదువుతుంటే ఊరంతా కూర్చుని విన్నారు. అచ్చు వచ్చాక ఎవరి మూల వాళ్ళు చూసుకున్నారు. గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు 1930ల్లో పడవ మీద పుస్తకాలు పెట్టి కాలువ వెంట పల్లెలకు పంపారు. పడవ మళ్ళీ వచ్చేలోగా చదివి ఇచ్చెయ్యాలి. అదీ ఒక రకం గడువే. ఈ పలక తెచ్చిన మార్పు ఏమిటన్నదొక్కటే మనం చూడాల్సింది.

ఆ పరికరం సంగతి కాస్త తెలుసుకో. ఫోను తెరలాగా అది కంట్లోకి వెలుగు కొట్టదు. తెర లోపల వెంట్రుక మందాన ఉండే గుళికలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో గుళికలో తెల్ల రేణువులూ నల్ల రేణువులూ తేలుతుంటాయి, ఒకదానిది ధన విద్యుత్తు, ఇంకోదానిది రుణ విద్యుత్తు. కరెంటు ఇటు ఇస్తే నల్లవి పైకొస్తాయి, అటు ఇస్తే తెల్లవి. వచ్చినవి అలాగే నిలబడిపోతాయి, పట్టి ఉంచడానికి మళ్ళీ కరెంటు అక్కర్లేదు. పేజీ తిప్పినప్పుడే ఖర్చు. అందుకే ఒకసారి చార్జింగ్ పెడితే వారాలు వస్తుంది. మసాచుసెట్స్‌లోని ఎమ్‌ఐటీ పరిశోధనలోంచి 1997లో పుట్టిన ఇ-ఇంక్ కంపెనీ దీన్ని తయారుచేసింది. 2004లో సోనీ జపాన్‌లో ఆ తెరతో ఒక రీడర్ తెచ్చింది. 2007 నవంబరులో అమెజాన్ 399 డాలర్లకు కిండిల్ పెడితే అయిదున్నర గంటల్లో సరుకు అయిపోయింది. మన దేశంలో అమ్మకానికి 2012లో వచ్చింది.

ఇక్కడిదాకా యంత్రం. రాసేవాళ్ళకు పట్టే సంగతి వేరే ఉంది. అచ్చు పుస్తకంలో పేజీ ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో రచయితా కంపోజిటరూ నిర్ణయించేవాళ్ళు. నేను నా మొదటి సంపుటి ప్రూఫులు దిద్దేటప్పుడు, కథ చివరి వాక్యం ఒక్కటే కొత్త పేజీ మీదికి దొర్లిపోయిందని ప్రెస్సువాడితో గంటసేపు పోట్లాడి, పై పేరాలో మూడు మాటలు కొట్టేసి దాన్ని వెనక్కి లాగించాను. అంత పట్టింపు. ఇప్పుడు నీ పాఠకురాలు అక్షరం సైజు పెంచితే నీ మూడు పేజీలు తొమ్మిదవుతాయి. ఆవిడ ఫాంటు మారుస్తుంది, వరసల మధ్య ఎడం మారుస్తుంది, రాత్రి అయితే నల్ల తెర మీద తెల్లక్షరాలు పెట్టుకుంటుంది. పేజీ నంబరే ఉండకపోవచ్చు, నూటికి ఇంత చదివారు అన్న లెక్క ఉంటుంది. పేజీ నీ చేతిలోంచి వాళ్ళ చేతిలోకి పోయింది. నీకు మిగిలింది వాక్యమూ పేరా, అంతే.

నాకు దీని మీద కోపం లేదు. ఎందుకో చెప్తాను. మా పెద్దమ్మకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక మామూలు పుస్తకం ఆనేది కాదు. ఆవిడకు ఎనభై దాటాయి. మా వాడు ఒక టాబ్‌లో అక్షరాలు కందిగింజలంత చేసి ఇచ్చాడు. తెరకు ఇరవై మాటలు పట్టేవేమో. వేలితో అలా తోసుకుంటూ తోసుకుంటూ నా నవల మొత్తం చదివి, "నీ పుస్తకంలో ఆ పిల్లకు పెళ్ళి చెయ్యకుండా వదిలేశావేంట్రా" అని తిట్టింది. అచ్చులోనే ఉండుంటే నాకు ఆ తిట్టు దక్కేది కాదు.

కానీ ఒక నష్టం ఉంది, అది నీకు తెలియాలి. అచ్చు పుస్తకంలో మనం ఎక్కడున్నామో చేతులకు తెలుస్తుంది. ఎడమ చేతి కింద మందం పెరుగుతుంది, కుడి చేతి కింద తగ్గుతుంది. "ఆ ఉత్తరం సంగతి మొదట్లోనే, ఎడమ పేజీలో కింద వచ్చింది" అని గుర్తుంటుంది. పలకలో ఇదేమీ లేదు. ఎప్పుడూ ఒకే మందం, ఒకే పేజీ. నార్వేలోని స్టావాంగర్ విశ్వవిద్యాలయంలో ఆన్ మాంగెన్ అనే పరిశోధకురాలు తన బృందంతో కలిసి 50 మందికి ఒకే కథ ఇచ్చి, సగం మందిని కిండిల్‌లో, సగం మందిని పేపర్‌బ్యాక్‌లో చదివించింది. 2014లో ఆ ఫలితాలు చెప్పింది. చాలా విషయాల్లో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. కథలోని 14 సంఘటనల్ని జరిగిన వరసలో పెట్టమంటే మాత్రం కిండిల్‌లో చదివినవాళ్ళు బాగా తడబడ్డారు. యాభై మందితో లోకం తీరు తేలిపోదు, నిజమే. అయినా నా అనుభవానికి అది సరిపోయింది.

నీ నాలుగో కథ దగ్గర నాకూ అదే అయింది. అందులో నువ్వు కాలాన్ని నాలుగుసార్లు వెనక్కీ ముందుకీ తిప్పావు. నేను సగంలో ఆపి, రెండ్రోజుల తర్వాత తెరిచాను. ఆ పలక నేను ఆపిన చోటే తెరుచుకుంది. అదొక వరమని అమ్మేవాళ్ళు చెప్తారు. మధ్యలో తెరుచుకున్న పేరా ఇలా ఉంది: "వచ్చింది. కాసేపు గుమ్మంలోనే నిలబడింది. ఎవరూ పట్టించుకోకపోయేసరికి వెనక్కి తిరిగింది." వచ్చింది ఎవరమ్మా? అత్తగారా, పనిమనిషా, వీధి కుక్కా? మన తెలుగులో ఆడమనిషికీ పిల్లికీ రైలుకీ ఒకటే క్రియ. కర్త పేరు చెప్పకుండా పేరాలకు పేరాలు నడిపేసే సౌకర్యం మన భాషలో ఉంది, అదొక అందం కూడా. అచ్చులో అయితే నేను బొటనవేలితో రెండు పేజీలు వెనక్కి వేసి చూసుకుని, చటుక్కున మళ్ళీ ముందుకొచ్చేవాణ్ణి. పలకలో వెనక్కి వెళ్ళడం అంటే చీకట్లో మెట్లు దిగినట్టు ఉంటుంది, ఎన్ని దిగామో తెలియదు. నేను వెళ్ళలేదు. కుక్కే అనుకుని చదువుకుంటూ పోయాను. నాలుగు తెరల తర్వాత ఆ కుక్క తమలపాకులు అడిగింది.

కాబట్టి ఒక పని చెయ్యి. కథలో విరామం ఇచ్చిన ప్రతిచోటా, మళ్ళీ ఎత్తుకున్న మొదటి రెండు వాక్యాల్లో మనిషి పేరో వరసో ఒకటి పడేలా చూడు. కాలం మారితే ఆ మార్పును వాక్యంలోనే చెప్పు, ఖాళీ వరస మీదా మూడు చుక్కల మీదా భారం వెయ్యకు. అక్షరం సైజు మారినప్పుడు ఆ ఖాళీ వరస తెర అడుగుకు జారిపోతే ఖాళీ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. వచన కవిత రాసేవాళ్ళ పాట్లు ఇంకా ఘోరం, పాదాన్ని కవి విరిచాడో పరికరం విరిచిందో తేడా తెలియకుండా పోతోంది. నువ్వు కవిత్వం రాయవు కాబట్టి ఆ గొడవ వదిలేద్దాం.

ఇప్పటిదాకా చెప్పింది ఏ భాషలో రాసేవాళ్ళకైనా కొంత వర్తిస్తుంది. తెలుగులో రాసేదానివి కాబట్టి నీకు ఇంకో పెద్ద తలనొప్పి ఉంది.

2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో మన దేశ భాషల పుస్తకాలు మొదలుపెట్టింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. అయిదు భాషలు. మనది లేదు. అంతకు ముందే, 2010 ప్రాంతంలో, కినిగె వాళ్ళు తెలుగు ఈ-పుస్తకాల దుకాణం తెరిచారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు పుస్తకం వెల కంటే పోస్టు ఖర్చు ఎక్కువని ఊరుకునే రోజుల్లో, అది వాళ్ళకు పుస్తకాన్ని నిమిషంలో చేర్చింది. అయినా తెలుగువాళ్ళలో చాలామందికి "ఈ-బుక్" అంటే ఇప్పటికీ పీడీఎఫ్ అనే అర్థం. అక్కడే ఉంది చిక్కు.

పీడీఎఫ్ అంటే పేజీకి ఫొటో తీసి పెట్టినట్టే అనుకో. డెమ్మీ సైజు, అంటే మామూలు పుస్తకం సైజు, పేజీని ఆరంగుళాల తెర మీద పెడితే అక్షరాలు చీమల బారులాగా ఉంటాయి. పెద్దది చేస్తే వరస సగం తెర బయటకు పోతుంది, ప్రతి వరసకూ తెరను కుడికీ ఎడమకూ జరుపుకోవాలి. ఈపబ్ అనే పద్ధతిలో అయితే అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి, తెర ఎంతుంటే అంతలో సర్దుకుంటాయి. మన చిత్తూరు వైపు కాటూరు నుంచి వెళ్ళిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు ముందు నడిచి, పది లక్షల పుస్తకాలు స్కాన్ చెయ్యాలన్న పథకం పెట్టారు. దానిలో భాగంగా వచ్చిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యమా అని, ఎక్కడా దొరకని తెలుగు పుస్తకాలు ఇంట్లో కూర్చుని చూస్తున్నాం. వాళ్ళకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ అవన్నీ బొమ్మలు. వాటిలో ఒక మాట తేలిగ్గా వెతకలేం, అక్షరం పెంచుకోలేం. తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో కొందరు కూర్చుని ఒక్కో పేజీనీ బొమ్మ పక్కన పెట్టుకుని అక్షరాల్లోకి దించి ప్రూఫులు దిద్దుతున్నారు. జీతం భత్యం లేని పని.

పాత పుస్తకాలకు ఆ గతి తప్పదు. కానీ నిన్న మొన్న అచ్చయిన పుస్తకాలకూ అదే గతి పట్టించుకున్నాం. నా సంగతే చెప్తాను. నా మూడు సంపుటాల డీటీపీ ఫైళ్ళూ, అంటే అచ్చు కోసం కంప్యూటర్లో పేజీలు కూర్చిన ఫైళ్ళు, నా దగ్గరే ఉన్నాయి. గర్వంగా దాచుకున్నాను. ఒకాయన, చూపు లేని లెక్చరరు, ఫోన్ చేసి నా కథలు వినాలని ఉంది, ఫైలు పంపండి అన్నారు. పంపాను. మర్నాడు ఆయనే మళ్ళీ ఫోన్ చేసి, "సార్, నా కంప్యూటర్ మీ కథను చదువుతోంది గానీ, అది ఏ భాషో తెలియడం లేదు" అన్నారు. పాత డీటీపీ ఫాంట్లలో పైకి కనబడేది తెలుగు, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఇంగ్లీషు 'ఎ' ఉండాల్సిన గూట్లో మన తలకట్టు కూర్చుని ఉంటుంది. కంటికి తేడా తెలియదు. తెర మీద ఉన్నది పైకి చదివే సాఫ్ట్‌వేర్‌కు తెలుస్తుంది, పాపం. చూపు లేనివాళ్ళకు పుస్తకాలు అందించడానికి కాపీరైటు అడ్డు కాకూడదన్న మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ధ్రువీకరించింది మన దేశమే. చట్టం అడ్డు తొలగింది, నా ఫైలు అడ్డు పడింది. నెల రోజులు కూర్చుని ఒక సంపుటిని, ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేశాను. మిగతా రెండూ ఇంకా అలాగే ఉన్నాయి.

అందుకే నీకు గట్టిగా చెప్పే మాట ఇది: నీ కథ అసలు ప్రతి ఎప్పుడూ యూనికోడ్‌లో నీ దగ్గరే ఉండాలి. డీటీపీ చేసేవాళ్ళు వాళ్ళ ఫాంటులోకి మార్చుకోనీ. ప్రూఫుల్లో చేసిన దిద్దుబాట్లన్నీ తిరిగి నీ ప్రతిలోకి ఎక్కించుకో. ఈ రెండో పని ఎవరూ చెయ్యరు. అచ్చులో ఒక పాఠం, ఈ-బుక్కులో తప్పులతో ఇంకో పాఠం తిరుగుతుంటాయి.

ఇంకొన్ని చాదస్తపు సంగతులు. పదేళ్ళ కిందట నా చేతికొచ్చిన మొదటి రీడర్‌లో తెలుగు తెరిస్తే 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' అయి కూర్చుంది. ఒత్తులన్నీ కిందికి దిగకుండా పక్కన నిలబడ్డాయి. ఇప్పుడు చాలావరకు నయం. అయినా నీ ఫైలును ఒక్క పరికరంలో చూసి ఊరుకోకు, కనీసం మూడింట్లో తెరిచి చూడు. నువ్వు 'సాఫ్ట్‌వేర్' అని రాసిన ప్రతిసారీ ట పొల్లుకీ వకీ మధ్య కంటికి కనబడని అక్షరం ఒకటి పెట్టాలి, లేకపోతే అది 'సాఫ్ట్వేర్' అయిపోతుంది. నీ కథల్లో రెండు రకాలూ ఉన్నాయి. చదివేవాళ్ళు సర్దుకుంటారు. వెతికేవాళ్ళకు మాత్రం అవి రెండు వేరు మాటలు. ఇంకోటి, మాటల్ని అతికించి రాసే అలవాటు తగ్గించు. "చెప్పవలసివచ్చినప్పటికీ" అని ఒకే ముద్దగా రాస్తే, అక్షరం పెంచుకున్న తెర మీద ఆ మాట ఒక వరసలో పట్టక కిందికి దూకుతుంది, పై వరసలో మిగిలిన రెండు మాటలూ ఎడంగా జరిగి పళ్ళూడిన నోరులాగా కనబడతాయి. "చెప్పాల్సి వచ్చినా" అంటే పోయేదేముంది? సాహిత్య విమర్శ చెయ్యని మేలు ఒక్కోసారి చిన్న తెర చేస్తుంది.

నిఘంటువు గురించి కూడా ఒక మాట. ఇంగ్లీషు పుస్తకంలో తెలియని మాట మీద వేలు పెడితే అర్థం వచ్చేస్తుంది. ఆ అలవాటుతో వచ్చిన పిల్లలు నీ కథలో 'గాదె' దగ్గర వేలు పెడతారు, ఏమీ రాదు. తెలుగు నిఘంటువు జతచేసినా అంత తేలిగ్గా రాదు. మన మాటలు నిఘంటువులో ఉన్నట్టుగా కథలో ఉండవు కదా. 'గాదెలోకి', 'గాదెల్లోంచి' అని ఉంటాయి. వాటిలోంచి 'గాదె'ను విడదీయడం మనిషికి తేలిక, యంత్రానికి చాకిరీ. ఆంధ్రభారతి వెబ్‌సైటులో బ్రౌన్ నిఘంటువు దగ్గర్నుంచీ ఎన్నో ఒకేచోట వెతికే వీలుంది, నేను రోజూ వాడతాను. కానీ కథ మధ్యలో లేచి అక్కడికి ఎవరు వెళ్తారు? అలాగని కథ వెనక పదకోశం పెట్టకు, కథలో బ్రాకెట్లు అసలే వద్దు. గాదెలో వడ్లు పోసేటప్పుడు ధూళి లేచినట్టు ఒక్క వాక్యం రాయి. అర్థం దానంతటదే వస్తుంది. మాట మార్చి 'స్టోరేజ్' అని మాత్రం రాయకు, నేను చదవను.

లెక్కల సంగతికి వద్దాం. ఇది నాకు నిజంగా భయం వేసే చోటు.

అచ్చు పుస్తకం కొన్నవాళ్ళు చదివారో లేదో మనకు తెలియదు. ఆ తెలియకపోవడంలో ఒక మర్యాద ఉంది. పలకకు అన్నీ తెలుసు. ఎక్కడ ఆపావు, ఎంతసేపు చదివావు, ఏ వాక్యం కింద గీత గీశావు, అన్నీ. నెల చందా కట్టి ఎన్ని పుస్తకాలైనా చదువుకునే కిండిల్ పథకంలో, 2015 జులై నుంచి రచయితకు డబ్బు ఇచ్చేది ఎన్ని పేజీలు చదివారన్న లెక్క మీద. దాంతో కొందరు పుస్తకాన్ని సాగదీయడం మొదలుపెట్టారు. పాతవన్నీ వెనక కలిపి కుట్టారు. చివరికి ఒక పుస్తకానికి 3000 పేజీలకు మించి లెక్కించం అని కంపెనీ హద్దు పెట్టాల్సి వచ్చింది. మన దగ్గర ప్రతిలిపి లాంటి యాప్‌లలో భాగాలు భాగాలుగా వచ్చే నవలలకు ఎంతమంది చదివారో, ఎన్ని నక్షత్రాలు వేశారో కిందే కనబడుతుంది. దాన్ని నేను చిన్నచూపు చూడను. అక్కడ తెలుగు చదివే ఆడవాళ్ళు ఏ పుస్తకాల షాపుకూ వచ్చేవాళ్ళు కాదు. వారపత్రికల కాలంలోనూ సీరియల్ రాసేవాళ్ళు తలుపు చప్పుడు దగ్గర వారం ఆపేవాళ్ళు. "తలుపు తీసింది ఎవరు?" అని మా అక్క వారమంతా వేగిపోయేది. అప్పుడు పోస్టుకార్డులు వారానికోసారి వచ్చేవి, ఇప్పుడు లెక్క నిమిషానికోసారి మారుతుంది. తేడా అంతా ఆ వేగంలో ఉంది. రాసినదాన్ని కాసేపు అలా వదిలెయ్యడానికి అది సందు ఇవ్వదు. నువ్వు అక్కడ రాయాలనుకుంటే రాయి. కానీ మొత్తం పూర్తి చేసి పెట్టుకుని, తర్వాత భాగాలుగా వదులు. మధ్యలో ఆ అంకె చూసి కథ మార్చావో, తర్వాత రాసేది నువ్వు కాదు.

గీతలు గీసే సంగతి కూడా అంతే. కిండిల్‌లో ఒక వాక్యం కింద చుక్కల గీత వచ్చి, ఇంతమంది దీన్ని గుర్తు పెట్టుకున్నారు అని చెప్తుంది. అది చూశాక తర్వాతివాళ్ళూ అక్కడే ఆగుతారు. గుడి ముందు ఒకరు చెప్పులు విడిచిన చోటే అందరూ విడిచినట్టు. నీ ఆరు కథల్లో కనీసం తొమ్మిది చోట్ల, ఎవరో గీత గీస్తారన్న ఆశతో రాసిన వాక్యాలు నాకు కనబడ్డాయి. వేటినీ ఇక్కడ ఎత్తి రాయను, నీకే తెలుసు. "జీవితం అంటే" అని మొదలయ్యేవి ముందు కొట్టెయ్యి.

డబ్బు, హక్కులు. నువ్వు సాఫ్ట్‌వేర్ ఉద్యోగివి, అగ్రిమెంట్లు చదవడం వచ్చు. నాకు రాదు, అందుకే నష్టపోయాను. అచ్చుకు ఇచ్చేటప్పుడు ఈ-బుక్కు, ఆడియో ఎవరివో విడివిడిగా రాయించు. మన కాపీరైటు చట్టం ప్రకారం, హక్కులు రాసిచ్చిన కాగితంలో గడువు చెప్పకపోతే అయిదేళ్ళు అనుకోవాలి, ఏ ప్రాంతానికో చెప్పకపోతే భారతదేశం వరకే అనుకోవాలి. అమెరికాలో డాలస్‌లో చదివేవాళ్ళ కోసం నువ్వు ఆలోచిస్తున్నావు కాబట్టి ఆ రెండో ముక్క నీకు ముఖ్యం. నా నవల పీడీఎఫ్ ఒక గ్రూపులో తిరుగుతోందని నాకు తెలిసింది ఎలాగంటే, ఒకాయన ఫోన్ చేసి, "అద్భుతం సార్, గ్రూపులో అందరం చదివాం, రెండొందల మందిమి" అన్నాడు. ఏమనాలో తోచక థాంక్సండీ అన్నాను. ఇప్పటికీ ఆ థాంక్సు తల్చుకుంటే నా మీద నాకే నవ్వొస్తుంది.

ఇటు కొనుక్కున్నవాళ్ళకూ పూర్తి ధీమా లేదులే. 2009 జులైలో అమెరికాలో, హక్కులు లేనివాళ్ళు అమ్మకానికి పెట్టారన్న కారణంతో, జనం డబ్బిచ్చి కొన్న కొన్ని పుస్తకాలను అమెజాన్ ఆ కొన్నవాళ్ళ కిండిల్‌ల లోంచి దూరం నుంచే తీసేసింది. ఒక కుర్రాడు చదువు కోసం రాసుకున్న నోట్సు కూడా పనికిరాకుండా పోయింది. డబ్బు వెనక్కిచ్చారు, తర్వాత క్షమాపణా చెప్పారు. "పుస్తకం వనితా విత్తం పరహస్తగతం గతమ్" అని మనకొక పాత శ్లోకం. అందులో ఆడవాళ్ళను సామాన్లలో కలిపినందుకు నీకు కోపం రావాలి, రానీ. ఆ శ్లోకం రాసిన పెద్దమనిషికి అరువిచ్చిన పుస్తకం పోతుందన్న బెంగే తెలుసు. కొన్న పుస్తకం ఎవరికీ అరువివ్వకుండానే పోతుందని, అసలు అరువివ్వడానికే వీలుండదని ఆయన ఊహించి ఉండడు. నా పుస్తకాలు పదిమందికి తెలిసింది అరువుల వల్లే. ఆ దారి మూసుకుపోతే కొత్త రచయితకు అది నష్టం.

అందుకని నీ రెండో ప్రశ్నకు నా జవాబు: రెండూ చెయ్యి. వెయ్యి కాపీలు వేసి మంచం కింద దాచుకునే మా తరం పని చెయ్యకు. రెండొందలు వెయ్యి. జనవరిలో ఇక్కడ పుస్తక మహోత్సవానికి తీసుకురా, యాభై అక్కడ పోతాయి. మీ ఊరి గ్రంథాలయానికి రెండు ఇవ్వు. మిగతావి అరువులకు ఉంచు. అదే రోజు ఈపబ్ కూడా బయటపెట్టు, వెల అచ్చు పుస్తకంలో సగానికి మించకుండా. పీడీఎఫ్ మాత్రం ఎవరికీ పంపకు, నాక్కూడా.

నాలుగో కథలో ఆ 'వచ్చింది' దగ్గర మనిషిని పెట్టి, తొమ్మిది వాక్యాలూ తీసేసి, మళ్ళీ పంపు. మనవడు శనివారం వస్తాడు, ఎక్కించిపెడతాడు. ఈసారి అక్షరం ఇంకో సైజు పెంచుకుని చదువుతాను. ఎక్కడెక్కడ తట్టుకున్నానో కాగితం మీద పెన్సిలుతో రాసి, ఫొటో తీయించి పంపుతాను. ఆ ఫొటోలో నా రాత చదవడం మాత్రం నీ కష్టమే.

ఆశీస్సులతో,
మీ మాస్టారు